ఆరు వేలు ఐదు వేలెలా అయ్యాయి?

రాజ్యసభ జీరో అవర్‌లో ఒక సభ్యుడికి దక్కేది మూడు నిమిషాలు. అది దాటితే మైకు ఆగిపోతుంది. మంత్రి అక్కడికక్కడే లేచి జవాబు చెప్పాల్సిన పనీ లేదు. 2025 మార్చి 26న సోనియా గాంధీ ఆ మూడు నిమిషాల్లో గర్భిణుల డబ్బు సంగతి ఎత్తారు. ఆహార భద్రతా చట్టం 6,000 రూపాయలు ఇవ్వమంటుంటే కేంద్ర పథకమైన ప్రధానమంత్రి మాతృవందన యోజన తొలి కాన్పుకు 5,000 ఇస్తోందని, రెండో బిడ్డ ఆడపిల్ల అయితేనే మళ్లీ డబ్బు వస్తోందని అన్నారు. 2022-23లో దాదాపు 68 శాతం గర్భిణులకు తొలి బిడ్డకు సంబంధించి కనీసం ఒక వాయిదా అందిందని, మరుసటి ఏడాది అది 12 శాతానికి పడిపోయిందని ఒక విశ్లేషణను ప్రస్తావించారు. పథకం పూర్తిగా అమలు కావాలంటే ఏటా సుమారు 12,000 కోట్లు కావాలన్నది ఆమె చెప్పిన లెక్క.

ఆ చట్టం యూపీఏ హయాంలో, 2013లో వచ్చింది. ఇప్పటి తగాదా మూలం అక్కడ లేదు. 2016 డిసెంబర్ 31 రాత్రికీ 2017 మే 17కీ మధ్య ఉన్న నాలుగున్నర నెలల్లో ఉంది.

పెద్ద నోట్ల రద్దు తర్వాత, కొత్త సంవత్సరం ముందు రాత్రి జాతినుద్దేశించి మాట్లాడుతూ ప్రధాని మోదీ దేశంలోని 650కి పైగా జిల్లాల్లో గర్భిణులకు 6,000 రూపాయల చొప్పున సాయం చేస్తామని ప్రకటించారు. అంతవరకు 53 జిల్లాల్లోనే ప్రయోగాత్మకంగా నడిచిన పథకం అది. ఆ ప్రసంగంలో తొలి కాన్పు, మలి కాన్పు అన్న తేడా ఏదీ లేదు. ఫిబ్రవరి బడ్జెట్లో కేటాయించింది మాత్రం 2,700 కోట్లు. మనిషికి 6,000 చొప్పున చూస్తే 45 లక్షల మందికి సరిపోతుంది. కేంద్రం 60 శాతం, రాష్ట్రాలు 40 శాతం భరిస్తాయనుకుని లెక్కేసినా 75 లక్షలు దాటదు. దేశంలో ఏటా జరిగే కాన్పులు రెండు కోట్లకు పైమాటే. అంటే మాట ఇచ్చిన నెల రోజులకే డబ్బు తక్కువ పడింది. మే 17న మాతృవందన పథకాన్ని ఆమోదిస్తూ మంత్రివర్గం ఆ తేడాను నిబంధనలతో పూడ్చింది: మొదటి బిడ్డకే, అదీ 5,000. మిగతా వెయ్యి జననీ సురక్షా యోజన కింద ఆస్పత్రి కాన్పుకు ఇచ్చే డబ్బుతో కలిసి ‘సగటున’ 6,000 అవుతుందన్నారు.

ఈ ‘సగటు’ను మన రాష్ట్రాల్లో లెక్కేసి చూడండి. జననీ సురక్షలో రాష్ట్రాలు రెండు రకాలు. ఆస్పత్రి కాన్పులు తక్కువగా ఉన్న రాష్ట్రాల్లో పల్లె తల్లికి 1,400 ఇస్తారు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండో జాబితాలో ఉన్నాయి. ఇక్కడ పేద కుటుంబాలకు, ఎస్సీ, ఎస్టీ తల్లులకు పల్లెలో 700, పట్నంలో 600 వస్తుంది. 5,000కు 700 కలిపితే 5,700. చట్టం చెప్పిన కనీస మొత్తం తొలి కాన్పులోనే 300 తగ్గింది.

2013 చట్టంలోని నాలుగో సెక్షన్ ‘ఆరు వేలకు తక్కువ కాకుండా’ అంటుంది. ఎన్నో కాన్పు అన్న షరతు అందులో లేదు. మినహాయించింది కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాల్లో, ప్రభుత్వ రంగ సంస్థల్లో ఉద్యోగం చేసేవారిని, ఇతర చట్టాల కింద ఇలాంటి ప్రయోజనమే పొందుతున్నవారిని. అయితే సెక్షన్ మొదట్లోనే ఒక మాట ఉంది: కేంద్రం రూపొందించే పథకాలకు ‘లోబడి’. ప్రభుత్వం నిలబడేది ఈ మాట మీదే. పథకం ఎలా ఉండాలో తేల్చే అధికారం తమదేనన్నది దాని వాదన. ఎలా ఇవ్వాలో, ఎన్ని వాయిదాల్లో ఇవ్వాలో తేల్చడానికే ఆ మాట ఉంది, ఎవరికి ఇవ్వకూడదో తేల్చడానికి కాదన్నది ఎదుటివారి వాదన. పథకం చట్టానికి లోబడాలి గాని చట్టం పథకానికి ఎలా లోబడుతుందని వారు అడుగుతారు. ‘తక్కువ కాకుండా’ అని రాసిన చోట తక్కువ ఇవ్వడానికి మాత్రం ‘లోబడి’ అన్న మాట ఎంత సాగదీసినా చాలదు.

అదే 2017లో, ఆ నెలల్లోనే, పార్లమెంటు ఇంకో చట్టాన్నీ సవరించింది. సంఘటిత రంగంలోని ఉద్యోగినులకు జీతంతో కూడిన ప్రసూతి సెలవు 12 వారాల నుంచి 26 వారాలకు పెరిగింది. మొదటి ఇద్దరు బిడ్డలకూ వర్తిస్తుంది. 26 వారాలంటే 182 రోజులు. 2024-25లో తెలుగు రాష్ట్రాల్లో ఉపాధి హామీ కూలి రోజుకు 300. ఆ లెక్కన 5,000 రూపాయలు 17 రోజుల కూలికి కూడా రావు.

ప్రభుత్వ పక్షం చెప్పేదాంట్లోనూ నిజం ఉంది. చట్టం వచ్చాక యూపీఏ ఎనిమిది నెలలు అధికారంలో ఉంది. పాత ఇందిరా గాంధీ మాతృత్వ సహయోగ్ యోజనలో మొత్తాన్ని 4,000 నుంచి 6,000కు పెంచారే గాని 53 జిల్లాలు దాటించలేదు. దేశమంతటా విస్తరించింది తామేనని, 2025 ఆరంభం నాటికి 3.8 కోట్ల మంది తల్లులకు 17 వేల కోట్లకు పైగా అందించామని కేంద్రం అంటోంది.

ఇక 2022 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన మాతృవందన రెండో రూపం. తొలి కాన్పుకు మూడు వాయిదాలు రెండయ్యాయి. ఆఖరి నెలసరి నుంచి ఆరు నెలల లోపు పేరు నమోదై, కనీసం ఒక వైద్య పరీక్ష జరిగితే 3,000. బిడ్డ జననం నమోదై, పద్నాలుగు వారాల టీకాల వరకు పూర్తయితే 2,000. దరఖాస్తుకు గడువు ఆఖరి నెలసరి నుంచి 570 రోజులు. భర్త ఆధార్ తప్పనిసరి అన్న పాత నిబంధన పోయింది. అది మేలే. రెండో బిడ్డ ఆడపిల్ల అయితే 6,000 ఒకేసారి, పుట్టిన 270 రోజుల లోపు దరఖాస్తు చేసుకోవాలి. ఆడపిల్లల నిష్పత్తి పెంచడానికన్నారు.

ఇక్కడే అసలు చిక్కు. గర్భంలో ఉన్నది ఎవరో తెలుసుకోవడం 1994 చట్టం ప్రకారం నేరం. కాబట్టి రెండో కాన్పులో కడుపుతో ఉన్నన్నాళ్లూ ఆ తల్లికి ఒక్క రూపాయి రాదు. ఆడపిల్ల పుట్టి, టీకాలు పడ్డాక వస్తుంది. మగపిల్లాడైతే అదీ లేదు. గర్భిణి పనికి వెళ్లకుండా నాలుగు రోజులు విశ్రాంతి తీసుకుని, కాస్త పాలూ గుడ్లూ తినాలన్నది ఈ డబ్బు ఉద్దేశం. రెండోసారి అది ఆడపిల్ల పుట్టినందుకు ఇచ్చే బహుమానంగా మారిపోయింది.

వాయిదా అందినవారు 12 శాతానికి పడిపోయిన సంగతికి వస్తే, రెండో రూపంతో పాటు 2023లో కొత్త పోర్టల్ కూడా వచ్చింది. డబ్బు ఆధార్‌తో ఆఖరున జతపడిన ఖాతాలోకి వెళ్తుంది. ఏళ్ల కిందట తెరిచి వదిలేసిన ఖాతా అదే అయితే, డబ్బు పడినా తల్లికి తెలియదు. ఆధార్‌లో పుట్టింటి ఇంటిపేరు, బ్యాంకులో అత్తింటి ఇంటిపేరు ఉంటే పేరు కలవదు. పైగా మన దగ్గర తొలి కాన్పు పుట్టింట్లో జరగడం ఆచారం. అత్తవారి ఊళ్లో అంగన్‌వాడీ టీచర్ పేరు నమోదు చేస్తుంది, కాన్పు ఇంకో జిల్లాలో అవుతుంది, టీకాలు అక్కడే పడతాయి. తల్లీబిడ్డల రక్షణ కార్డులో తేదీలు రెండు చోట్ల రెండు చేతిరాతల్లో ఉంటాయి. రెండో వాయిదా ఎవరు ఎక్కించాలన్న దగ్గర ఆగుతుంది.

కొన్ని రాష్ట్రాలు సొంతంగా ఇంతకంటే ఎక్కువే ఇవ్వజూపాయి. తెలంగాణ 2017 జూన్‌లో కేసీఆర్ కిట్ తెచ్చింది. సర్కారు ఆస్పత్రిలో కాన్పు అయితే మగబిడ్డకు 12,000, ఆడబిడ్డకు 13,000, రెండు కాన్పుల వరకు ఇస్తామంది. తమిళనాడులో 18,000 దాకా వెళ్లిన పథకానికి డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డి పేరు పెట్టారు. 1927లో మద్రాసు శాసన మండలిలో అడుగుపెట్టిన తొలి మహిళా సభ్యురాలు, స్వయంగా వైద్యురాలు. 

కేంద్ర బడ్జెట్లో మాతృవందనకు విడిగా అంకె కనిపించదు. నిరాశ్రయ మహిళల వసతి, ఉద్యోగినుల హాస్టళ్లు, శిశు సంరక్షణ కేంద్రాలు వంటివాటితో కలిపి ‘సామర్థ్య’ అన్న ఒకే పద్దు కింద ఉంటుంది. 2025-26కు ఆ మొత్తం పద్దుకు 2,521 కోట్లు. అదంతా మాతృవందనకే పోసినా, 5,000లో కేంద్రం వంతు 3,000 చొప్పున, 84 లక్షల మంది దగ్గర అయిపోతుంది. రెండో కాన్పుకు మగబిడ్డ పుట్టినా ఇవ్వడానికి చట్ట సవరణ అక్కర్లేదు. మంత్రివర్గ ఆమోదంతో పథకం మార్గదర్శకాలు మార్చి, ఈ పద్దు పెంచితే సరిపోతుంది.