అరవై ఏళ్లు దాటినా ఎగురుతున్న అమెరికా బాంబర్ బి-52: అపోహలు - వాస్తవాలు

అపోహ: అంత పాత లోహం ఎప్పుడో ఒకప్పుడు గాల్లోనే విరిగిపోతుంది.

అల్యూమినియం అలసటకు (పదే పదే ఒత్తిడి పడి లోహం బలహీనపడటానికి) క్యాలెండర్‌తో పనిలేదు. ఎన్ని గంటలు ఎగిరింది, ఎంత బరువు మోసింది, ఎలాంటి గాలిలో తిరిగింది అన్నదే లెక్క. ఈ బాంబర్ ఆఖరి మోడల్ అయిన బి-52హెచ్‌లలో చివరిది 1962 అక్టోబరులో అమెరికా వైమానిక దళానికి అందింది. ఈ మోడల్ ఆయుష్షును నిర్ణయించేది రెక్క పైభాగపు నిర్మాణం. పరిమితి 32,500 నుంచి 37,500 గంటలు. ఏడాదికి 3,000 గంటలు తిరిగే ప్రయాణికుల జెట్ అయితే పదకొండు పన్నెండేళ్లలో అక్కడికి చేరుతుంది. ఈ బాంబర్ ఏడాదికి ఎగిరేది కొన్ని వందల గంటలే. పైగా ప్రచ్ఛన్న యుద్ధ కాలంలో చాలా విమానాలు అణ్వాయుధాలతో రన్‌వే పక్కన సిద్ధంగా నిలబడే గడిపాయి.

అపోహ: ఆ రోజుల్లో గట్టిగా కట్టారు, అందుకే మన్నింది.

ఇది సగమే నిజం. ఎత్తులో ఎగరడానికి గీసిన డిజైన్ ఇది. సోవియట్ క్షిపణుల భయంతో నేలకు దగ్గరగా ఎగరాల్సి వచ్చేసరికి, అక్కడి చిక్కటి గాలి కుదుపులకు అలసట చాలా వేగంగా పెరిగింది. 1964 జనవరి 10న, కుదుపుల ప్రభావం కొలిచే పరీక్షలో ఉన్న ఒక హెచ్ మోడల్ నిలువు తోక దాదాపు మొత్తం ఊడిపోయింది. అయినా ఆర్కన్సాలో క్షేమంగా దిగిందనుకోండి. జీ, హెచ్ మోడళ్ల రెక్కలను 1960లలోనే బలపరిచారు. 1970లలో 80 డీ మోడళ్లకు రెక్కల తొడుగు మార్చారు. మన్నికలో పెద్ద వాటా ఈ మరమ్మతులదే.

అపోహ: ముందు భాగం మీది ముడతలు వార్ధక్య లక్షణం.

కాదు. పలచటి తొడుగు ఫ్రేముల మధ్య కొద్దిగా ముడుచుకునేలానే రూపొందింది. బరువు మోసేవి ఫ్రేములు, స్ట్రింగర్లు (పొడవునా సాగే సన్నటి కమ్మీలు). మెకానిక్ చూసేది ముడతను కాదు: వంగిన రివెట్ తల, దాని చుట్టూ నల్లటి చార, పగిలిన పెయింట్. చార కనిపిస్తే రివెట్ వదులైనట్టే.

అపోహ: నాలుగేళ్లకోసారి డిపోకి (పెద్ద మరమ్మతుల కేంద్రానికి) పంపేది రంగు వేయడానికే.

ఓక్లహోమాలోని టింకర్ స్థావరంలో జరిగేది వేరు. ఇంధనం తీసి, ప్యానెళ్లు విప్పి, తుప్పు కోసం, పగుళ్ల కోసం వెతుకుతారు. తుప్పును గీకేసి మిగిలిన మందం కొలుస్తారు. పరిమితికి తగ్గితే ఆ భాగం మార్చాల్సిందే. ఇలాంటి పనిలో, రివెట్ రంధ్రం దగ్గర పగులు దొరికితే రంధ్రాన్ని రీమ్ చేసి (కొద్దిగా వెడల్పు చేసి), పగులు పూర్తిగా పోయిందో లేదో విద్యుత్ ప్రవాహంతో పగుళ్లు పట్టే పరీక్ష అయిన ఎడ్డీ కరెంట్‌తో చూసి, లావు ఫాస్టెనర్ బిగిస్తారు. చిక్కేమిటంటే, రంధ్రం మధ్య నుంచి ఆ లోహ భాగపు అంచుకు కనీసం ఫాస్టెనర్ వ్యాసానికి రెట్టింపు దూరం మిగలాలి. ఒకే రంధ్రాన్ని మళ్లీ మళ్లీ పెంచితే ఆ దూరం కరిగిపోతుంది. అప్పుడిక డబ్లర్ (బలానికి పైన వేసే అదనపు రేకు) అతకాలి, లేదా భాగం మార్చాలి.

అపోహ: ఎనిమిది ఇంజన్ల బదులు నాలుగు పెద్దవి పెట్టకపోవడం మొండితనం.

నాలుగింట్లో బయటిది ఒకటి ఆగితే నాలుగో వంతు తోపు (ముందుకు నెట్టే బలం) ఒక్కసారిగా పోయి విమానం పక్కకు లాగుతుంది. దాన్ని సరిదిద్దేంత వెడల్పు, తోక మీద దిశ మార్చే పలక అయిన ఈ రడ్డర్‌కు లేదు. పెద్ద ఇంజన్‌కు నేల ఎడం, పైలాన్ల (ఇంజన్‌ను రెక్కకు తగిలించే దిమ్మెల) మార్పు వేరే సమస్యలు. అందుకే 1985లో తయారీ ఆగిన ఇప్పటి ఇంజన్లు టీఎఫ్33ల స్థానంలో, 2021లో ఎంపికైన రోల్స్‌రాయిస్ ఎఫ్130లు కూడా ఎనిమిదే. 76 విమానాలకు 608, స్పేర్లు అదనం.

అపోహ: రష్యా బాంబర్లు టీయూ-95లూ అంతే పాతవి.

రెండు డిజైన్లూ 1952లోనే ఎగిరాయి. కానీ నేటి టీయూ-95ఎంఎస్‌లు కట్టింది 1980ల నుంచి. విశాఖ బీచ్ రోడ్డులో మ్యూజియంగా ఉన్న టీయూ-142 ఈ కుటుంబానిదే.

అపోహ: ఆరిజోనా ఎడారిలో దాచిన బి-52లకు ఇంధనం పోస్తే చాలు.

2008 నుంచి అక్కడున్న 'ఘోస్ట్ రైడర్' అనే బి-52 2015లో మళ్లీ ఎగిరింది. పొడిగాలికి లోహం బాగానే నిలుస్తుంది, రబ్బరు నిలవదు. ఇంధన గొట్టాలు, టైర్లు మార్చాల్సి వచ్చింది. తర్వాత టింకర్‌లో పూర్తి పని ముగించుకుని దళంలోకి చేరేసరికి 2016 సెప్టెంబరు వచ్చింది.