పెంథియస్ చచ్చింది దేవుణ్ణి నమ్మనందుకేనా? అపోహలు - వాస్తవాలు

నాటకాలు ఆడించడం నా పని. గ్రీకు ట్రాజెడీ అనగానే కొత్త నటులు ఒక లెక్క వేసుకుని వస్తారు: ఒక నాస్తికుడు ఉంటాడు, దేవుడికి కోపం వస్తుంది, చంపేస్తాడు. యురిపిడిస్ రాసిన 'బాకే' నాటకం మొదలుపెట్టిన వారానికే ఆ లెక్క తప్పుతుంది.

అపోహ: పెంథియస్ నాస్తికుడు.

వాస్తవం: ఈ నాటకంలో గ్రీకు నగరం థీబ్స్‌కు రాజైన పెంథియస్‌కు మిగతా దేవుళ్లతో ఏ పేచీ లేదు. ద్రాక్షసారాకు, నాటకానికి దేవుడైన డయోనైసస్ ఒక్కడే దేవుడు కాదంటాడు. ఇంతకీ వీళ్లిద్దరూ అక్కచెల్లెళ్ల బిడ్డలు. డయోనైసస్ తల్లి సెమెలె, తన కడుపులో ఉన్నది దేవతల రాజు జ్యూస్ బిడ్డ అంటే తోబుట్టువులే నమ్మలేదు. ఎవరితోనో తప్పు చేసి దేవుడి మీదకు నెడుతోందన్నారు. అమ్మ మీద పడ్డ ఆ నింద తుడవడానికే కొడుకు ఊళ్లోకి దిగాడు. నన్నడిగితే ఇది ముందు ఇంటి గొడవ.

అపోహ: మొక్కినవాళ్లకు ఏమీ కాదు.

వాస్తవం: హిరణ్యకశిపుడి కథలో ప్రహ్లాదుడు దక్కుతాడు. ఇక్కడ ఆ ధీమా లేదు. ఇద్దరికీ తాత అయిన కాడ్మస్ జింకతోలు కప్పుకుని, తలకు తీగ చుట్టుకుని ఆ వయసులో డయోనైసస్ కోసం నాట్యానికి బయల్దేరతాడు. డయోనైసస్ దేవుడు కాకపోయినా అవునని చెప్పు, మన వంశానికి పేరొస్తుంది అని మనవడికి సలహా కూడా ఇస్తాడు. (రిహార్సల్లో ఇక్కడ నవ్వు ఆగదు.) చివరికి ఆయన కూడా పాముగా మారిపోవాల్సిందే. దేవుళ్లకు మనుషుల్లా ఇంత కోపం తగదని మొత్తుకుంటే, మా నాన్న జ్యూస్ ఎప్పుడో ఒప్పుకున్నదే అని తేల్చేస్తాడు డయోనైసస్.

అపోహ: ఇంత కఠినంగా చూపించారంటే ఇది దేవుడి మీద తిరుగుబాటు నాటకం.

వాస్తవం: దీన్ని ఏథెన్స్‌లో ఆడింది డయోనైసస్ ఉత్సవంలోనే, ఆయన పేరున్న రంగస్థలం మీదే, క్రీ.పూ. 405లో. అప్పటికే యురిపిడిస్ లేడు. మొదటి బహుమతి కూడా దీనికే వచ్చింది.

అపోహ: చంపడమంతా స్టేజీ మీదే చూపిస్తారు.

వాస్తవం: చావు కనబడదు. కిథేరాన్ కొండ మీద డయోనైసస్ పిచ్చెక్కించిన ఆడవాళ్లు పెంథియస్‌ను చీల్చేశారని ఒక సేవకుడు వచ్చి చెబుతాడు. తలపాగా పీకేసి, చెంప ముట్టుకుని, అమ్మా, నేను నీ కొడుకునే అన్నా వాళ్లలోనే ఉన్న తల్లి అగావేకు వినబడలేదట.

మనం చూసేది ఆ తర్వాతది. సింహాన్ని వేటాడానని మురిసిపోతూ ఆమె తలకాయతో వస్తుంది. ఆమె తండ్రి కాడ్మస్ అరవడు. ముందు ఆకాశం చూడమంటాడు. ఇందాకటికంటే తేటగా ఉందంటుంది. నిన్ను ఏ ఇంటికిచ్చాం? నీకు పుట్టింది ఎవరు? అన్నిటికీ సరిగ్గానే చెబుతుంది. మరి నీ చేతుల్లో ఉన్న తల ఎవరిది? సింహానిది, వేటాడినవాళ్లు అలాగే అన్నారు... ఆ 'అన్నారు' దగ్గర గొంతు జారాలి. అగావే వేషం వేసిన అమ్మాయికి అది పట్టుబడడానికి పదిరోజులు పట్టింది.

ఆ తర్వాత శవం మీద పడి ఆమె ఏడ్చే మాటలు చాలావరకు రాతప్రతిలోనే పోయాయి. అక్కడ కొత్త డైలాగులు రాసుకునేవాళ్లున్నారు. మేం రాయలేదు. తల చుట్టి తెచ్చిన గుడ్డ విప్పి, నేలమీద పరిచి, దాని ముడతలు సరిచేస్తూ కూర్చుంటుంది.