బెంజీన్‌లో దాగిన గంధకం

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

కెమిస్ట్రీ పుస్తకం నిండా ఆ బెంజీన్ షట్కోణాలేనని మొన్న ఫోన్లో విసుక్కున్నారు కదా. అందుకని ఈసారి ఐదు మూలల బొమ్మ ఒకటి గీసి పంపుతున్నాను. నాలుగు మూలల్లో కర్బనం, ఐదో మూలలో గంధకం. పేరు థయోఫీన్. నాకు చాలా ఇష్టమైన అణువు. అది దొరికిన తీరు అలాంటిది.

1882. స్విట్జర్లాండ్‌లోని జ్యూరిక్‌లో విక్టర్ మేయర్ అనే రసాయన శాస్త్రవేత్త బెంజీన్ పాఠం చెబుతున్నారు. ఐశాటిన్ అనే పదార్థం, గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం కలిపితే బెంజీన్ ముదురు నీలంగా మారాలి. అప్పట్లో బెంజీన్‌కి అదే గుర్తు. విద్యార్థుల ముందు చేసి చూపిస్తే ఆ రోజు నీలం రాలేదు. సహాయకుడు సాండ్‌మేయర్ అసలు సంగతి చెప్పాడు: ఎప్పుడూ వాడే, బొగ్గుతారు నుంచి తీసిన బెంజీన్ అయిపోయింది, ఇది బెంజోయిక్ ఆమ్లం నుంచి తయారుచేసినది. మేయర్ అక్కడ పట్టుకున్నారు. తారు ఊసే లేని బెంజీన్‌కి రంగు రాలేదంటే, ఇన్నాళ్లూ వచ్చిన నీలం బెంజీన్‌ది కాదు, అందులో ఉన్న మరొకదానిది!

ఫారడే బెంజీన్‌ని కనుగొన్నది 1825లో. అప్పటినుంచి యాభై ఏళ్లు దాటినా ఎవరికీ అనుమానం రాలేదు. ఎందుకంటే బెంజీన్ 80 డిగ్రీల దగ్గర మరుగుతుంది, థయోఫీన్ 84 దగ్గర. పాలల్లో నీళ్లలా కలిసిపోయిన ఆ రెంటినీ మామూలు స్వేదనంతో విడదీయడం కష్టం. గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లంతో బాగా కుదిపితే మాత్రం థయోఫీన్ ముందుగా చర్య జరిపి ఆమ్లంలోకి దిగిపోతుంది, బెంజీన్ పైన తేలుతుంది. మేయర్ ఆ దారినే దాన్ని బయటికి లాగి, 1883లో లోకానికి చెప్పారు.

ఇంత పోలిక ఎలా వచ్చింది? బొమ్మ చూడండి. నాలుగు కర్బనాలు వలయానికి తలా ఒక ఎలక్ట్రాన్ ఇస్తాయి, గంధకం ఒక్కటే రెండు ఇస్తుంది. మొత్తం ఆరు. బెంజీన్‌లోనూ ఆరే. వలయమంతా తిరిగే ఆ ఆరింటివల్లే రెంటికీ అంత స్థిరత్వం. కాకపోతే థయోఫీన్‌లో ఆరు ఎలక్ట్రాన్లు ఐదు పరమాణువుల మీదే సర్దుకోవాలి, అక్కడ కాస్త చిక్కగా ఉంటాయి. ఆమ్లం దానివైపే ముందు వెళ్లేది అందుకే.

ఆ స్థిరత్వమే చమురు శుద్ధి చేసేవాళ్లకి తలనొప్పి. ముడిచమురులో థయోఫీన్‌కి బెంజీన్ వలయాలు అతుక్కున్న పెద్ద అణువులుంటాయి. 2020 ఏప్రిల్ 1 నుంచి మన దేశంలో డీజిల్‌లో గంధకం కిలోకి 10 మిల్లీగ్రాములు దాటకూడదు. అంతకుముందు 50 ఉండొచ్చు. విశాఖలాంటి చోట్ల రిఫైనరీల్లో కోబాల్ట్, మాలిబ్డినం ఉన్న ఉత్ప్రేరకం మీద, మూడువందల డిగ్రీలు దాటిన వేడిలో, హైడ్రోజన్‌ని ఒత్తిడితో పంపి గంధకాన్ని ఊడదీస్తారు. మిగతా గంధక పదార్థాలు తేలిగ్గానే లొంగుతాయి, ఈ వలయాలే చివరిదాకా మొండికేస్తాయి.

మన పెరట్లో బంతిమొక్క వేళ్లలోనూ ఇదే ఉంది. మూడు థయోఫీన్ వలయాలు వరసగా కలిసిన టెర్‌థయెనిల్ అనే పదార్థం అది. మొక్కల వేళ్లని పట్టే నులిపురుగులకి విషం. టమాటా తోటల్లో బంతి వేయమని చెప్పేది అందుకే.

ఇక మీకో లెక్క. గంధకం తీసి అక్కడ నైట్రోజన్ పెడితే పిరోల్ అవుతుంది. అందులో ఆరు ఎలక్ట్రాన్లు ఎలా కుదురుతాయో బొమ్మ గీసి నాకు రాయండి. నైట్రోజన్‌కి ఒక హైడ్రోజన్ తగిలించడం మరిచిపోకండి.

మీ
తాతయ్య