ఇస్త్రీ పెట్టెలో వడ్రంగి

పోయిన వారం మా ఇస్త్రీ పెట్టె పాడైంది. ఎర్రదీపం ఎంతసేపటికీ ఆరదు. చొక్కా కాలర్ మీద గోధుమరంగు మచ్చ పడ్డాక గానీ సంగతి అర్థం కాలేదు. వీధి చివర రిపేరు కుర్రాడు పెట్టె విప్పి, వేలెడంత లోహపు పట్టీ ఒకటి చూపించి, "కరెంటు కలిపే పాయింట్లు అతుక్కుపోయాయండీ" అన్నాడు. "ఈ పట్టీని ఎవరు కనిపెట్టారో తెలుసా?" అని అడిగాను. "చైనావాళ్ళే అయ్యుంటారండీ" అన్నాడు.

కాదు. ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్‌లో 1693లో పుట్టిన జాన్ హారిసన్ అనే వడ్రంగి కనిపెట్టాడు. ఆయనకు బట్టలతో పనిలేదు, ఓడ మీద తప్పు నడవని గడియారం కావాలి.

బ్రిటన్ ఆవిష్కరణలు అనగానే మన పిల్లలు జతపరచుము ప్రశ్నకు జవాబు చెప్పినట్టు గడగడా చెప్పేస్తారు: పెన్సిలిన్, ఫ్లెమింగ్, ఆవిరి యంత్రం, వాట్. అందులో రెండో జత సగమే నిజం. వాట్ పుట్టడానికి 24 ఏళ్ళ ముందే, 1712లో, థామస్ న్యూకమెన్ అనే ఆయన చేసిన ఆవిరి యంత్రం గనుల్లో నీళ్ళు తోడుతోంది. కెటిల్ మూత ఎగరడం చూసి వాట్ ఆవిరి యంత్రం కనిపెట్టాడన్న కథ మాత్రం ఇప్పటికీ తరగతి గది వదలదు. హారిసన్‌కు అలాంటి కథ లేదు కాబట్టి కాబోలు, ఆయన పేరు బిట్ పేపర్‌లోకి రాలేదు.

ఓడకు గడియారం ఎందుకంటారా? భూమి గంటకు 15 డిగ్రీలు తిరుగుతుంది, అంటే డిగ్రీకి 4 నిమిషాలు. కాకినాడలో సూర్యుడు నడినెత్తికి వచ్చిన 15 నిమిషాలకు గానీ హైదరాబాద్‌లో రాడు. (రాహుకాలం సూర్యోదయాన్ని బట్టి మారాలని పంచాంగమే చెబుతుంది. అయినా గోడ క్యాలెండర్‌లో ఊరేదైనా, నెల ఏదైనా సోమవారం 7.30 నుంచి 9 వరకే! నమ్మేవాళ్ళయినా ఈ లెక్క సరిచూసుకోవద్దూ?) బయలుదేరిన రేవులో ఇప్పుడు టైమెంతో చెప్పే గడియారం ఒకటి ఓడలో ఉంటే, ఓడ ఉన్నచోటి మధ్యాహ్నంతో పోల్చి ఎన్ని డిగ్రీలు వచ్చామో చెప్పొచ్చు. అది లేకనే 1707లో బ్రిటిష్ నౌకాదళం ఎక్కడుందో తెలియక సిల్లీ దీవుల రాళ్ళకు కొట్టుకుంది. నాలుగు ఓడలు మునిగాయి, వెయ్యిమందికి పైగా పోయారు. 1714లో పార్లమెంటు బహుమతి ప్రకటించింది: అర డిగ్రీ లోపు తేడాతో రేఖాంశం చెప్పగలిగితే 20,000 పౌండ్లు.

ఊగే ఓడలో లోలకం పనిచేయదు. దాని బదులు స్ప్రింగుతో అటూ ఇటూ తిరిగే చక్రం పెట్టాలి. అక్కడే వచ్చింది తంటా. వేడికి ఉక్కు స్ప్రింగు బలం తగ్గుతుంది, గడియారం నెమ్మదిస్తుంది. ఒక్క డిగ్రీ వేడి పెరిగితే రోజుకు దాదాపు 10 సెకన్లు. లండన్ చలిలో సరిచేసిన గడియారాన్ని 20 డిగ్రీలు ఎక్కువ వేడి ఉండే జమైకాకు తీసుకెళితే రోజుకు 200 సెకన్లు వెనకబడుతుంది. భూమధ్యరేఖ దగ్గర 4 సెకన్లంటే ఒక నాటికల్ మైలు. అంటే ఒక్క రోజు తప్పుకే 50 మైళ్ళు!

హారిసన్ ఏం చేశాడు? ఇత్తడి పట్టీనీ ఉక్కు పట్టీనీ పక్కపక్కన పెట్టి రివెట్లతో బిగించేశాడు. వేడికి ఇత్తడి ఎక్కువ సాగుతుంది, ఉక్కు తక్కువ సాగుతుంది. విడివిడిగా ఉంటే ఎవరి దారి వారిది. కట్టేశాక మాత్రం రెండూ సర్దుకోవాలంటే ఒకటే మార్గం, వంగడం. పొడుగైన ఇత్తడి వంపుకి బయటివైపు, పొట్టి ఉక్కు లోపలివైపు. రన్నింగ్ ట్రాక్ మలుపులో బయటి గీత మీద పరిగెత్తేవాడికి దూరం ఎక్కువ కాదూ, అదే సంగతి.

ఇందులో అసలు గమ్మత్తు వంగడం కాదు, ఎంత వంగుతుందన్నది. 5 సెంటీమీటర్ల పట్టీ తీసుకోండి, మందం ఒక మిల్లీమీటరు. 100 డిగ్రీలు వేడి చేస్తే ఇత్తడి, ఉక్కుల సాగుదలలో తేడా 0.035 మిల్లీమీటర్లే, కంటికి ఆనదు. కానీ అదే పట్టీ ఒక కొస పట్టి బిగిస్తే రెండో కొస సుమారు 1.3 మిల్లీమీటర్లు పక్కకు జరుగుతుంది. దాదాపు 37 రెట్లు! చక్రాలు లేవు, మీటలు లేవు. కొస కదలిక పొడవు వర్గాన్ని బట్టి పెరుగుతుంది, మందాన్ని బట్టి తగ్గుతుంది. పొడవు రెట్టింపు చేస్తే కదలిక నాలుగింతలు, మందం సగం చేస్తే రెండింతలు. నేను మొదటిసారి ఈ లెక్క కట్టినప్పుడు నమ్మబుద్ధి కాక మళ్ళీ కట్టాను.

ఆ కొసకు హారిసన్ రెండు చిన్న సూదులు తగిలించి, వాటి మధ్యనుంచి స్ప్రింగును పోనిచ్చాడు. వేడెక్కితే పట్టీ వంగుతుంది, సూదులు జరుగుతాయి, స్ప్రింగులో ఆడే భాగం పొట్టిదవుతుంది. పొట్టి స్ప్రింగు గట్టి స్ప్రింగు. వేడి ఎంత బలం తీసేసిందో అంతా తిరిగి వచ్చేస్తుంది.

ఈ పట్టీ మొదట పెట్టింది ఆయన మూడో సముద్ర గడియారంలో. దానికే 19 ఏళ్ళు పట్టింది, అయినా ఆయనకు తృప్తి లేదు. 1759లో పూర్తయిన నాలుగోది అరచేతిలో పట్టే పెద్ద జేబుగడియారం లాంటిది, 13 సెంటీమీటర్ల వెడల్పు. అందులోనూ ఈ పట్టీ ఉంది. 1761లో కొడుకు విలియం దాన్ని జమైకా తీసుకెళ్ళాడు. 81 రోజుల్లో, ముందే లెక్కగట్టిన రోజువారీ తేడా తీసేస్తే, తప్పు 5 సెకన్లు. బహుమతి బోర్డు మాత్రం అదృష్టం అంది, ఇంకోసారి వెళ్ళమంది. చివరికి మూడో జార్జి రాజు జోక్యంతో, ఆయనకు 80 ఏళ్ళు వచ్చాక, 1773లో పార్లమెంటు 8,750 పౌండ్లిచ్చింది. మూడేళ్ళకు పోయాడు.

హారిసన్ వేడి ప్రభావాన్ని చెరిపేయడానికి చేసిన పట్టీ ఇప్పుడు వేడిని కనిపెట్టడానికి పనికొస్తోంది. ఇస్త్రీ పెట్టెలో కాటన్, సిల్క్ అని ఉండే మీట తిప్పినప్పుడు మనం మార్చేది పట్టీ ఎంత వంగితే కరెంటు ఆగాలన్నదే. పాయింట్లు అతుక్కుపోతే పట్టీ ఎంత వంగినా అవి విడవవు, కాలర్ కాలుతుంది. ఓవర్‌లోడ్ అయితే ట్రిప్పయ్యే స్విచ్‌లోనూ ఇదే. పాత ట్యూబ్‌లైట్ స్టార్టర్‌లో ఇంకా తమాషా. అందులోని వాయువు మెరిసి పట్టీని వేడెక్కిస్తుంది, పట్టీ వంగి పాయింట్లు కలుపుతుంది. కలవగానే మెరుపు ఆగి పట్టీ చల్లారుతుంది, పాయింట్లు విడిపోతాయి, ఆ క్షణాన చోక్ ఇచ్చే తన్నుకి ట్యూబ్ వెలుగుతుంది. అన్నిసార్లూ ఒక్క తన్నుకే వెలగదు. స్విచ్ వేశాక ట్యూబ్ రెండు మూడుసార్లు మిణుకుమంటుందే, ఆ తడబాటంతా పట్టీ వంగుతూ లేస్తూ మళ్ళీ మళ్ళీ ప్రయత్నించడమే.