విశాఖ నుంచి బారువ దాకా, తీరం వెంట ఒంటరి కారు ప్రయాణం: అపోహలు - వాస్తవాలు

విశాఖ నుంచి శ్రీకాకుళం జిల్లాలోని బారువ దాకా ఉన్న ఈ తీరంలో కారు ట్రిప్పులు ప్లాన్ చేసి ఇవ్వడం నా పని. ఏడాదికి రెండు మూడుసార్లు ఒక్కడినే వెళ్లొస్తుంటాను కూడా. సోలోగా వెళ్తామని ఫోన్ చేసేవాళ్ల దగ్గర ఎక్కువగా వినే మాటలు ఇవి.

అపోహ: భీమిలి 30 కిలోమీటర్లేగా, గంటలో చూసేయొచ్చు.

వాస్తవం: గంటలో కారు చేరుతుంది, చూడటం మాత్రం కుదరదు. నేనైతే ఆ 30 కిలోమీటర్లకే ఒక రోజంతా పెడతాను. తెల్లవారుజామున ఐదింటికల్లా బయల్దేరండి. మనది తూర్పు తీరం, సూర్యుడు నీళ్లలోంచి పైకొస్తాడు. ఎండ ముదరకముందే తొట్లకొండ ఎక్కండి. బౌద్ధ ఆరామం కోసం రాతిలో తొలిచిన నీటి తొట్ల వల్లే దానికా పేరు. కిందికి దిగితే మంగమారిపేట దగ్గర రాతి తోరణం ఉంది. నీరు వెనక్కి తగ్గిన వేళలోనే దాని దగ్గరికి నడవగలం. అందుకే హోటల్ చెక్-ఇన్ కన్నా ముందు ఆటుపోట్ల టైమ్ చూసుకుంటాను. ఎర్రమట్టి దిబ్బల అంచున నిలబడి సెల్ఫీలు తీసుకోవద్దు. అది గట్టి రాయి కాదు, వాన నీటికే కోసుకుపోయే ఇసుక నేల.

అపోహ: భీమిలి దాటాక కూడా సముద్రం పక్కనే రోడ్డు ఉంటుంది.

వాస్తవం: చాలాచోట్ల ఉండదు. నదులు అడ్డం వస్తాయి. నాగావళిని శ్రీకాకుళంలో దాటి కళింగపట్నం వెళ్తాను. అక్కడి నుంచి బారువకైతే మళ్లీ హైవే ఎక్కి మడపాం దగ్గర వంశధారను దాటుతాను. చుట్టూ తిరగాల్సి వచ్చిందని విసుక్కోకండి. సరుగుడు తోటలు, జీడి తోటలు, ఎండాకాలమైతే తాటి ముంజలు ఆ దారుల్లోనే.

అపోహ: అలలు లేని చోట సముద్రంలో దిగొచ్చు.

వాస్తవం: దీన్ని దయచేసి రెండుసార్లు చదవండి. ఒడ్డుకొచ్చిన నీరు తిరిగి వెళ్లడానికి ఒక సందు చేసుకుంటుంది. ఆ సందులో అలలు పెద్దగా విరగవు, రెండు పక్కలా మాత్రం నురగ ఉంటుంది. చూడ్డానికి అదే సేఫ్ అనిపిస్తుంది. రిప్ కరెంట్ అదే. బాగా ఈత వచ్చినవాళ్లను కూడా లోపలికి లాగేస్తుంది. చిక్కుకుంటే ఒడ్డు వైపు ఎదురీదొద్దు. తీరానికి సమాంతరంగా పక్కకు ఈది, లాగుడు తగ్గాక ఒడ్డుకు రండి. ఒంటరిగా ఉన్నప్పుడు నేను మోకాళ్లు దాటి దిగను. కేక వేస్తే పలికే మనిషి పక్కన ఉండడు కదా.

అపోహ: తీరంలో ఎప్పుడూ తాజా చేపలే.

వాస్తవం: ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మరపడవల వేట నిషేధం. అది చేపలు గుడ్లు పెట్టే కాలం. ఆ రోజుల్లో పెద్ద చేప వడ్డిస్తే ఎప్పటిదో అడగండి.

అపోహ: ఇసుకలో కారు దింపితే మజా.

వాస్తవం: కళింగపట్నం దగ్గర నేనూ దింపాను. ఎక్సలేటర్ తొక్కేకొద్దీ చక్రాలు కూరుకుపోయాయి. టైర్లలో గాలి తగ్గించి, చక్రాల ముందు తాటాకులు పరిచి, నలుగురు మత్స్యకారులు తోస్తేగానీ బయటపడలేదు. చలికాలం చివర్లో తాబేళ్లు గుడ్లు పెట్టేది ఈ ఇసుకలోనే అని వాళ్లు చెప్పాక, మళ్లీ ఎప్పుడూ కారును రోడ్డు దాటించలేదు.

అపోహ: ఒక్కళ్లే వెళ్తే బోర్.

వాస్తవం: ముక్కాం అనే మత్స్యకారుల ఊరి దగ్గర ఒక ఉదయం, ఒడ్డు మీద నిలబడి తాళ్లతో లాగే అలివి వలను అక్కడివాళ్లు లాగుతుంటే కారాపి చూస్తున్నాను. "ఏటి బాబూ, ఒక్కడివే వచ్చీసినావా?" అని ఒక పెద్దావిడ అడిగింది. అవునమ్మా అన్నాను. తాడు పట్టమంది. తడి తాడు అరచేతుల్లో ఒరుసుకుంటుంటే, వాళ్ల అడుగుతో అడుగు కలిపి వెనక్కి వెనక్కి నడిచాను. గంట తర్వాత ఒడ్డుకొచ్చిన వలలో నెత్తళ్లు తళతళలాడాయి. ఆవిడ ఇంటి అరుగు మీద కూర్చోబెట్టి, ఆ నెత్తళ్లే ఇగురు పెట్టి అన్నం వడ్డించింది. ఆ రోజు నేను కారు నడిపింది 12 కిలోమీటర్లు.