రియో పాటల్లో ‘నేను’ అంటున్నది ఎవరు?

బ్రెజిల్ డాన్స్ పాటల్ని బూతులంటూ తిట్టడం ఇప్పుడు మొదలైంది కాదు. 1914 అక్టోబర్‌లో అప్పటి రాజధాని రియోలోని అధ్యక్ష భవనంలో ఒక విందు జరిగింది, అక్కడ అధ్యక్షుడి భార్య నాయిర్ ద తెఫే గిటార్ పట్టుకుని షికీన్యా గోన్జాగా కట్టిన ‘కోర్తా జాకా’ వాయించింది. అది మషీషి బాణీ, అంటే ఆడా మగా ఒళ్లు ఆనించుకుని తిరిగే డాన్స్. పేరుకు అర్థం పనసపండు కోయడం (జాకా అన్న మాట మలయాళం ‘చక్క’ నుంచి పోర్చుగీసు వాళ్ల ఓడలెక్కి వెళ్లిందే). ఇక చూడండి గొడవ. సెనేట్‌లో రుయ్ బార్బోజా లేచి, ఉన్న ఆటల్లోకెల్లా నీచమైనది ఇదేనని, సాంబాకు తోబుట్టువని దుమ్మెత్తిపోశాడు.

ఆ కోపం పాట మీద మాత్రమే అని నేననుకోను. బానిసత్వం రద్దయి అప్పటికి 26 ఏళ్లే. నల్లవాళ్ల ఇళ్లల్లో పుట్టిన లయ పెద్దింటి హాల్లోకి రావడం ఒకటి, ఆడవాళ్ల చేతుల మీదుగా రావడం ఇంకొకటి. షికీన్యా అయితే మొగుణ్ణి వదిలేసి పియానో పాఠాలు చెప్పుకుని బతికిన మనిషి.

తర్వాత సాంబా దేశం మొత్తానికీ సొంతమైంది కానీ మాటలు రాసింది ఎక్కువగా మగవాళ్లే. ఆమె నడక, ఆమె నడుము, ఆమె చేసిన మోసం. 1942లో ఊపేసిన ‘అమేలియా’ పాటలో మెచ్చుకున్నది కూడా ఏ కోరికా లేకుండా ఆకలిని ఓర్చుకునే ఆడదాన్నే.

ఇది తిరగబడింది రియో బస్తీల డాన్స్ సంగీతం ఫంక్‌లో. 80ల్లో అమెరికా నుంచి వచ్చిన మయామీ బేస్ దరువు మీద రియో కుర్రాళ్లు పోర్చుగీసులో పాడటం మొదలుపెడితే, 2000 తర్వాత సిడాడే డి డ్యూస్ బస్తీ నుంచి టాటి కేబ్రా బర్రాకో, డెయిజీ టిగ్రోనా లాంటి ఆడవాళ్లు మైకు తీసుకుని తమకేం కావాలో, ఎవరు అక్కర్లేదో తామే చెప్పారు. మాటలు పచ్చిగానే ఉంటాయి, కాదనను. కానీ చూపించుకోవాలా వద్దా అన్నది అక్కడ పాడే మనిషి ఇష్టం, ఆ తేడా నాకు చాలా పెద్దది.

2009లో రియో రాష్ట్రం ఫంక్‌ను సంస్కృతిగా గుర్తిస్తూ చట్టం చేసింది. అయినా 2017లో దాన్ని నేరంగా ప్రకటించాలని 20 వేల మందికి పైగా మద్దతుతో సెనేట్‌కు అర్జీ వెళ్లింది, అప్పటికి సెనేటర్ అయిన ఫుట్‌బాల్ ఆటగాడు రొమారియో వద్దని నివేదిక ఇచ్చాక కమిటీ తిరస్కరించింది. అదే ఏడాది డిసెంబర్‌లో గాయని అనీట్టా పాట ‘వాయ్ మలాండ్రా’ వచ్చింది. సాంబాల్లో మలాండ్రో అంటే తెల్ల సూటేసుకున్న మాయగాడు, ఇక్కడ ఆ పేరు ఆడదానిదైంది. వీడియో తీసింది మాత్రం లైంగిక వేధింపుల ఆరోపణలున్న అమెరికన్ ఫోటోగ్రాఫర్, అది నాకు ఇప్పటికీ మింగుడుపడదు. మొదటి షాట్‌లో తన పిరుదుల మీద కొవ్వు గుంటల్ని కంప్యూటర్‌లో చెరపొద్దన్నది మాత్రం అనీట్టానే.