కాషన్ మీద సంతకం: బ్రిటన్‌లో మనవాళ్లను ముంచుతున్న అపోహ

"అక్కా, భయపడాల్సిందేం లేదు. వార్నింగ్ ఇచ్చి పంపేశారు."

ఇంగ్లండ్‌లో లాయరుగా పోలీస్ స్టేషన్ల చుట్టూ, వీసా కేసుల చుట్టూ తిరిగే నాకు ఈ మాట ఎన్నిసార్లు వినపడిందో లెక్కలేదు. ఫోన్లో ఆ పిల్లాడి గొంతు తేలికపడి ఉంటుంది. నాకు మాత్రం అప్పుడే టెన్షన్ మొదలవుతుంది. "నోటితో చెప్పి పంపారా, ఏదైనా కాగితం మీద సంతకం పెట్టించుకున్నారా?" అని అడుగుతాను. "ఆ, ఏదో ఫారం. పైన కాషన్ అని ఉంది."

అపోహ: కాషన్ అంటే హెచ్చరిక. దాంతో గొడవ తీరిపోయినట్టే.

వాస్తవం: కాషన్ అంటే "ఈ నేరం నేను చేశాను" అని ఒప్పుకుంటూ పెట్టే సంతకం. కోర్టు వేసే శిక్ష కాదు, నిజమే. కానీ మనిషికి వందేళ్లు నిండేదాకా ఆ ఎంట్రీ పోలీసుల జాతీయ రికార్డులో ఉంటుంది. డాక్టరైతే జీఎంసీకి, నర్సైతే ఎన్ఎంసీకి (ఆ వృత్తుల్లో రిజిస్ట్రేషన్ చూసే సంస్థలు) చెప్పుకోవాలి. వీసా ఫారంలో, సిటిజన్‌షిప్ ఫారంలో రాయాలి. మామూలు ఉద్యోగాల విషయంలో సాదా కాషన్ (షరతులేవీ లేనిది) ఇచ్చిన రోజే కాలం చెల్లిపోతుంది కాబట్టి చాలామంది ఆ సంగతి చదివి నిశ్చింతగా ఉంటారు. ఇమ్మిగ్రేషన్‌కు ఆ సడలింపు వర్తించదు.

తికమక అసలు ఆ మాటలోనే ఉంది. ఇంటర్వ్యూ మొదట్లో టేపు ఆన్ చేసి "మీరు ఏమీ చెప్పనక్కర్లేదు, కానీ ఇప్పుడు చెప్పనిది రేపు కోర్టులో చెబితే మీకు నష్టం కలగొచ్చు" అని చదువుతారు. దాన్నీ కాషన్ అంటారు. చివర్లో సంతకం పెట్టించుకునే కాగితాన్నీ కాషన్ అంటారు. ఇంటర్‌ప్రెటర్ రెండింటినీ తెలుగులో "హెచ్చరిక" అంటే పిల్లాడు రెండూ ఒకటే అనుకుంటాడు. నా వరకు నేను రెండో దానికి "నేరాన్ని ఒప్పుకునే కాగితం" అనే చెబుతాను. అందంగా లేకపోయినా అర్థమవుతుంది.

2022 చలికాలంలో మిడ్‌లాండ్స్‌లో జరిగింది చెబుతాను. ఒకే ఇంట్లో ఐదుగురు స్టూడెంట్స్. ఖాళీ చేసి వెళ్తున్నవాడికి మూడొందల పౌండ్ల డిపాజిట్ తిరిగి ఇవ్వడం దగ్గర గొడవ. వాట్సాప్ గ్రూపులో ఖమ్మం కుర్రాడు ఒకడు కోపంలో కొట్టాడు: "డబ్బులు పడకపోతే చంపేస్తా, చూస్కో." మన ఇళ్లలో అన్నం తినని బిడ్డతో తల్లి రోజూ అనే మాట అది. స్క్రీన్‌షాట్ పోలీసులకు చేరి ఇంగ్లీషులోకి మారేసరికి, ప్రాణం తీస్తానన్న బెదిరింపుగా తయారైంది.

పోలీసులు మర్యాదగానే ఫోన్ చేశారు. అరెస్టు కాదు, ఒకసారి వచ్చి మాట్లాడి వెళ్లమన్నారు. సొలిసిటర్ కావాలా అని అడిగితే అక్కర్లేదన్నాడు. మర్నాడు అసైన్‌మెంట్ సబ్మిషన్ ఉంది, లాయరును అడిగితే తప్పు చేశాననుకుంటారేమో అని భయం కూడా. ఇంటర్వ్యూలో "అవును, నేనే పంపాను, సారీ" అన్నాడు. సంతకం పెట్టి బస్సెక్కి ఇంటికొచ్చేశాడు.

2024లో ఉద్యోగం దొరికింది. స్కిల్డ్ వర్కర్ వీసాకు అప్లై చేశాడు. కాషన్లు ఏమైనా ఉన్నాయా అన్న ప్రశ్నకు "లేదు" అని టిక్ పెట్టాడు. హోం ఆఫీస్ వీసా తిరస్కరించింది. కారణం కాషన్ కాదు, అబద్ధం చెప్పాడని. మోసం చేశాడని తేలిస్తే పదేళ్ల దాకా కొత్త వీసా దరఖాస్తులు తిరస్కరించవచ్చు. దాచకుండా రాసి ఉంటే ఆ కాషన్‌ను మిగతా విషయాలతో కలిపి తూచేవారు. అలా రాసి వీసా తెచ్చుకున్నవాళ్లు నాకు తెలుసు.

వాళ్లమ్మ ఫోన్ చేసింది. "అమ్మా, వాడు తిట్టింది తెలుగులోనే కదా, అదీ స్నేహితుణ్ణే కదా?" అని అడిగింది. ఆవిడ అడిగినదాంట్లో న్యాయం ఉంది. ఆ ప్రశ్న వేయాల్సింది స్టేషన్లో, సంతకానికి ముందు. అక్కడ వేయడానికి వాడి పక్కన ఎవరూ లేరు.

బెదిరింపుగా చదవగలిగిన ప్రతి మాటా నేరం కాదు. 2010 జనవరిలో మంచు వల్ల రాబిన్ హుడ్ ఎయిర్‌పోర్ట్ మూతపడితే, వారం, ఇంకో కొద్ది రోజుల్లో తెరవకపోతే పేల్చేస్తానని పాల్ చాంబర్స్ అనే అతను ట్వీట్ చేశాడు. డాంకాస్టర్ మేజిస్ట్రేట్ కోర్టు 385 పౌండ్ల జరిమానా, 600 పౌండ్ల ఖర్చులు వేసింది. ఉద్యోగం పోయింది. మొదటి అప్పీలూ పోయింది. 2012 జులైలో హైకోర్టు ఆ శిక్షను కొట్టేసింది: చదివినవాళ్లకు భయం పుట్టించని మాటను బెదిరింపు అనలేమని. రెండున్నరేళ్లు పట్టింది, కానీ అతని వాదన వినడానికి కోర్టు ఉంది. కాషన్ మీద సంతకం పెట్టినవాడికి అప్పీలు లేదు. భావ ప్రకటన స్వేచ్ఛ, దానికి హామీ ఇచ్చే యూరోపియన్ మానవ హక్కుల ఒప్పందంలోని ఆర్టికల్ 10, మాట వెనక సందర్భం, ఏదీ ఎవరి చెవికీ చేరకముందే వాడే "తప్పు నాదే" అని రాసిచ్చేశాడు.

కాషన్ ఎప్పుడూ తీసుకోవద్దని నేను చెప్పను. నిజంగా తప్పు జరిగి, సాక్ష్యం గట్టిగా ఉంటే కోర్టు కంటే అదే నయం. కాకపోతే ఆ లెక్క లాయరుతో కూర్చుని వేసుకోవాలి. పోలీస్ ఇంటర్వ్యూకు సొలిసిటర్ ఉచితం. అరెస్టైనా, పిలిస్తే వెళ్లినా ఉచితమే. జీతం అడగరు, వీసా అడగరు. తెలుగు ఇంటర్‌ప్రెటర్ కూడా ఉచితమే. "నాకు సొలిసిటర్ కావాలి" అంటే అది తప్పు ఒప్పుకున్నట్టు కాదు. ఇంటర్వ్యూ కొన్ని గంటలు ఆలస్యమవుతుంది, అంతే.

ఇప్పటికే సంతకం పెట్టేసినవాళ్లకు దారి సన్నగానే ఉంది. నేరం ఒప్పుకోకుండానే కాషన్ ఇచ్చినా, దాని పర్యవసానాలు సరిగా చెప్పకపోయినా తీసేయమని పోలీసులను అడగొచ్చు. వాళ్లు ఒప్పుకోకపోతే హైకోర్టులో జ్యుడీషియల్ రివ్యూ, అంటే పోలీసుల నిర్ణయం చట్టప్రకారం ఉందో లేదో కోర్టు చూడటం.

అపోహ: జ్యుడీషియల్ రివ్యూకు మూడు నెలల టైమ్ ఉంటుంది.

"వెంటనే, ఎట్టి పరిస్థితుల్లోనూ మూడు నెలలు దాటకుండా" అన్నది రూల్. ఎంపీకి ఉత్తరం రాశాం, జవాబు కోసం చూస్తున్నాం అంటూ వాయిదా వేయకండి, గడియారం ఆగదు. ఖమ్మం కుర్రాడు నా దగ్గరికి వచ్చేసరికి దాదాపు రెండేళ్లు గడిచాయి.

మిగతావి గబగబా చెప్పేస్తాను, ఇవీ రోజూ వినేవే.

గ్రూపులో మనవాళ్లే ఉన్నారు కాబట్టి ఫర్వాలేదనుకోవద్దు. 2022లో లండన్‌లో ఒక పోలీసుకు, ఒక మాజీ పోలీసుకు మూసిన వాట్సాప్ గ్రూపులో పంపిన మెసేజ్‌లకే పన్నెండు వారాల జైలు శిక్ష పడింది. 2003 కమ్యూనికేషన్స్ చట్టం కింద మెసేజ్ పంపడంతోనే నేరం పూర్తవుతుంది. ఎవరు నొచ్చుకున్నారన్నది తర్వాతి సంగతి.

బ్రెగ్జిట్‌తో యూరోపియన్ మానవ హక్కుల ఒప్పందం పోయిందన్నది శుద్ధ తప్పు. ఆ ఒప్పందం కేసులు వినే స్ట్రాస్‌బర్గ్ కోర్టు కౌన్సిల్ ఆఫ్ యూరప్ అనే వేరే సంస్థది, యూరోపియన్ యూనియన్‌ది కాదు. ఆ హక్కులను ఇక్కడి కోర్టుల్లో అడిగే వీలిచ్చే 1998 హ్యూమన్ రైట్స్ యాక్ట్ ఈ రోజుకీ అమల్లో ఉంది.

వీసా మీద ఉన్నవాళ్లకు హక్కులు లేవన్నదీ తప్పే. ఆ ఒప్పందం మొదటి ఆర్టికల్ దేశం పరిధిలో ఉన్న ప్రతి ఒక్కరికీ అంటుంది, పౌరులకు మాత్రమే అనదు.

ఎవరి మనసైనా నొస్తే నేరమేనని వణికిపోయేవాళ్లూ ఉన్నారు, పాపం. 1999లో వేక్‌ఫీల్డ్ కెథెడ్రల్ మెట్ల మీద మత ప్రచారం చేసిన మహిళ కేసులో జడ్జి సెడ్లీ తేల్చి చెప్పారు: ఎవరినీ నొప్పించని మాటలకే పరిమితమైన స్వేచ్ఛ, ఉన్నా విలువ లేనిదేనని. ఆమెకు పడిన శిక్షను కోర్టు రద్దు చేసింది. నొప్పించడం వేరు, బెదిరించడం వేరు, ఆ రెండింటి మధ్య గీత ఎక్కడుందో వాదించాల్సింది మీ సొలిసిటర్.

ఖమ్మం కుర్రాడి కేసులో, వాడు కాషన్‌ను హెచ్చరిక అనుకునే "లేదు" అని రాశాడని వాదించాం. తెలియక చేసిన పొరపాటును మోసం అనకూడదని 2010లోనే అప్పీల్ కోర్టు చెప్పి ఉంది. మోసం అన్న మాట తీసేయించగలిగాం, పదేళ్ల భయం పోయింది. అప్పటికి ఆ కంపెనీ ఉద్యోగాన్ని వేరేవాళ్లకు ఇచ్చేసింది. వాడు ఇంటికెళ్లిపోయాడు. కాషన్ కాగితం నకలు ఇప్పటికీ నా ఫైల్లో ఉంది. కింద, తేదీ పక్కన, వాడు తెలుగులో పెట్టిన సంతకం.